ఆ టీ-5 బ్యాడ్జీని నమ్మి ఎంత పెట్టవచ్చు?

ప్రశ్న: మాది గుంటూరు. ఉద్యోగరీత్యా జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లో ఉంటున్నాను. దగ్గర్లో ఒకాయన 1966 ఫోర్డ్ మస్టాంగ్ అమ్మకానికి పెట్టారు. ఎర్ర రంగు హార్డ్‌టాప్, వీ8 ఇంజను, ఆటోమేటిక్ గేర్లు. మస్టాంగ్ అన్న పేరు బండి మీద ఎక్కడా లేదు. ముందు ఫెండర్ల మీద టీ-5 అన్న బ్యాడ్జీ ఉంది. గ్రిల్లులో ఫాగ్ లైట్లు, పక్కన జీటీ గుర్తులు, సీట్ల వీపు మీద పరిగెత్తే గుర్రాలు ఉన్నాయి. "కొత్తగా ఉన్నప్పుడే జర్మనీకి ఎగుమతైన అసలు బండి, నంబర్లన్నీ కలుస్తాయి, ఇంజను దానితో పుట్టిందే" అంటున్నారు. 36,500 యూరోలు అడుగుతున్నారు. తలుపు మీది ప్లేటు ఫొటో, ఇంజను మీది పోత అంకెల ఫొటో జత చేస్తున్నాను. ఆయన మాటల్లో ఎంత నిజముంది? ఆ ధర పెట్టవచ్చా? ఎప్పటికైనా ఇంటికి తెచ్చుకోవాలనే కోరిక కూడా ఉంది.

సమాధానం: మీరు పంపిన రెండు ఫొటోలతోనే సగం చిక్కు విడిపోయింది. ప్లేటు ఆ బండిదే అయితే, అది 1966లో వీ8 ఇంజనుతో, ఆటోమేటిక్ గేర్లతో, ఎగుమతి ఆర్డరు మీద తయారైన బండి. ఇంతవరకు అమ్మేవారి మాట నిలుస్తుంది. కానీ ఫ్యాక్టరీ నుంచి అది ఎర్రగా రాలేదు, జీటీ (అదనపు స్పోర్ట్స్ సామానున్న రకం)గా రాలేదు, గుర్రాల సీట్లతోనూ రాలేదు. టీ-5 అవునా కాదా అన్నది ఫొటోల్లో తేలేది కాదు, పాత రిజిస్ట్రేషన్ కాగితంలో తేలాలి. ఆ కాగితం చూడకుండా, బండిని జాకీల మీదికి ఎత్తి అడుగు చూడకుండా అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

ముందు ఆ బ్యాడ్జీ సంగతి. మస్టాంగ్ అన్న పేరు మీద జర్మనీలో హక్కు క్రుప్ కంపెనీది, ఆ పేరుతో వాళ్ల లారీలు ఉండేవి. అందుకని ఫోర్డ్ తన కారును జర్మనీలో టీ-5 అనే పేరుతో అమ్మింది. మస్టాంగ్‌ను రూపొందిస్తున్నప్పుడు కంపెనీ లోపల పెట్టుకున్న ప్రాజెక్టు పేరు అది. 1964 నుంచి 1970ల చివరిదాకా ఇదే పద్ధతి. అంటే టీ-5 వేరే మోడల్ కాదు. ఇంజను, బాడీ, సీట్లు అన్నీ మామూలు మస్టాంగ్‌వే. పేరు కనబడే చోట్ల పేరు తీసేసి ఫెండరు మీద కొత్త బ్యాడ్జీ పెట్టారు, స్పీడోమీటరు కిలోమీటర్లలో ఇచ్చారు, బానెట్ కింద ఒక గట్టి పట్టీ వేశారు. తేడా ఇంత చిన్నది కాబట్టే నకలు చేయడం సులువు. బ్యాడ్జీ కొత్తది విడిభాగాల దుకాణంలో దొరుకుతుంది. దాన్ని చూసి ధర పెంచడం తగదు.

ఇక ప్లేటు. ఫొటోలో వరుసగా 65ఏ, ఎం, 26, 16సీ, 95, 6, 6 అని ఉన్నాయి. కింద బండి నంబరు 6ఎఫ్07సీ అని మొదలవుతోంది. నంబరు నుంచి చదువుదాం. మొదటి 6 అంటే 1966 మోడల్. ఎఫ్ అంటే మిషిగన్‌లోని డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ. ఆర్ ఉంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే, టీ ఉంటే న్యూజెర్సీలోని మెటచెన్. 07 అంటే హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు), 08 కన్వర్టిబుల్ (మడిచే పైకప్పు), 09 ఫాస్ట్‌బ్యాక్ (వెనకదాకా వాలే పైకప్పు). సీ అంటే రెండు గొంతుల కార్బురేటరు ఉన్న 289 ఘనపుటంగుళాల వీ8, 200 హార్స్‌పవర్. ఈ ఒక్క అక్షరం మీదే ధరలో పెద్ద భాగం నిలబడి ఉంటుంది. టీ ఉంటే అది ఆరు సిలిండర్ల బండి. ఏ అంటే నాలుగు గొంతుల కార్బురేటరుతో 225 హార్స్‌పవర్. కే అంటే 271 హార్స్‌పవర్ హై పెర్ఫార్మెన్స్, అందరూ వెతికేది దాన్నే.

పై వరుసలో 65ఏ అంటే మామూలు సీట్ల హార్డ్‌టాప్. గుర్రాల బొమ్మలున్న ఖరీదైన ఇంటీరియర్ అయితే 65బీ అని ఉండాలి. 26 కూడా అదే చెబుతోంది: నల్ల రంగు మామూలు వినైల్. నల్ల గుర్రాల సీట్లయితే 66 అని పడేది. రెండు అంకెలూ ఒకే మాట చెబుతున్నాయి కాబట్టి ఆ సీట్లు తర్వాత వేసినవే. ఎం అంటే వింబుల్డన్ వైట్, ఆ కాలపు ఫోర్డ్ తెలుపు. క్యాండీ ఆపిల్ రెడ్ అయితే టీ ఉండాలి, సిగ్నల్‌ఫ్లేర్ రెడ్ అయితే 5. 16సీ అంటే మార్చి 16, తయారీకి అనుకున్న తేదీ. నెలలకు ఏ నుంచి ఎం వరకు అక్షరాలు వాడారు, ఐ ఒక్కటి వదిలేశారు. 95 అన్నది బండి ఏ అమ్మకాల విభాగం కోసం తయారైందో చెప్పే అంకె. 90 నుంచి 99 వరకు ఎగుమతివి. చివరి రెండు 6లలో మొదటిది వెనక యాక్సిల్ నిష్పత్తి 2.80, రెండోది సీ4 అనే మూడు గేర్ల ఆటోమేటిక్.

అయితే ఈ ప్లేటు డ్రైవరు తలుపు అంచుకు రివెట్లతో కొట్టిన రేకు ముక్క. తలుపు బోల్టులు విప్పితే మారిపోతుంది. ప్లేటుకైతే అంకెలు చెబితే చాలు, కొత్తది కొట్టి పంపే దుకాణాలున్నాయి. బండి గుర్తింపు ప్లేటులో లేదు, బాడీ రేకులో ఉంది. బానెట్ ఎత్తి, డ్రైవరు వైపు ఫెండరు అంచున ఉన్న చిన్న కోతలోంచి లోపలి ఏప్రన్ రేకు (ఇంజను పక్క గోడ) పైభాగం చూడండి. నంబరు అక్కడ ముద్ర కొట్టి ఉంటుంది. దాన్ని వైర్ బ్రష్షుతో గీకకుండా కిరోసిన్ గుడ్డతో తుడిచి, పక్కనుంచి టార్చి వేసి ఫొటో తీయండి. ముద్ర చుట్టూ వెల్డింగు గీత ఉందా, చేత్తో తడిమితే రేకు ఒక చోట దళసరిగా తగులుతోందా, అంకెల మధ్య ఎడం ఎగుడుదిగుడుగా ఉందా చూడండి. ఫెండరు కింద దాగి ఉన్న ముద్రలు కూడా ఉంటాయి. అనుమానం వస్తే ఫెండరు విప్పడానికి అమ్మేవారి అనుమతి అడగండి. ఏప్రన్ నంబరు, ప్లేటు నంబరు, రిజిస్ట్రేషన్ కాగితంలోని నంబరు మూడూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఒక్కటి తేడా వచ్చినా ఆ బండి వదిలేయండి. ఇందులో బేరం లేదు.

టీ-5 రుజువు విషయానికొస్తే, జర్మనీలో పుట్టి పెరిగిన బండికి ఫార్‌త్సోయిగ్‌బ్రీఫ్ అనే యాజమాన్య పుస్తకం ఉంటుంది. 2005 అక్టోబరు నుంచి దాని స్థానంలో కొత్త పత్రం వచ్చింది. మార్చేటప్పుడు పాత పుస్తకాన్ని చెల్లదని గుర్తువేసి యజమానికి తిరిగి ఇవ్వడం మామూలే. మీరు అడగాల్సింది ఆ పాతదాన్ని. అందులో మూడు గళ్లు చూడండి. బండి రకం దగ్గర టీ-5 అని ఉందా? మొదటి రిజిస్ట్రేషన్ తేదీ 1966లోనో 1967 మొదట్లోనో ఒక మామూలు తేదీగా ఉందా? ఆ పుస్తకం ఇచ్చిన సంవత్సరం ఏది? తేదీ 1966 జూలై 1 అని ఉండి, పుస్తకం 1990ల్లో ఇచ్చినదైతే జాగ్రత్త పడండి. అసలు తేదీ తెలియని దిగుమతి బండ్లకు ఆ ఏడాది జూలై 1 అని వేయడం అలవాటు. ఆ పుస్తకంతో పాటు అమెరికా టైటిల్ (యాజమాన్య పత్రం) నకలో, కస్టమ్స్ క్లియరెన్స్ కాగితమో కనబడితే బండి కొత్తగా జర్మనీకి రాలేదు, ఏళ్ల తర్వాత అమెరికా నుంచి వచ్చిందన్నమాట. ఇది తప్పేమీ కాదు, పొడి ప్రాంతం నుంచి వచ్చిన బండి రేకు ఇక్కడి బండి కంటే బాగుండవచ్చు కూడా. కానీ అప్పుడు టీ-5 అన్న మాటకు అదనంగా ఒక్క యూరో ఇవ్వనక్కర్లేదు.

పాత పుస్తకం పోయిందంటే ఇతర కాగితాలు అడగండి: 1960లు, 70లలో మార్కుల్లో కట్టిన సర్వీసు బిల్లులు, పాత ట్యూఫ్ (బండి ఫిట్‌నెస్) పరీక్ష నివేదికలు, మొదటి యజమాని ఫొటోలు. నంబరు, తేదీ రెండూ ఉన్న కాగితానికే విలువ. ఇంకో మాట. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్ బండ్లకు ఫ్యాక్టరీ రికార్డుల ఆధారంగా మార్టీ రిపోర్టు తెప్పించుకోవచ్చు. బండి ఏ రంగులో, ఏ సామానుతో, ఎక్కడికి వెళ్లిందో అందులో ఉంటుంది. 1966 బండికి ఆ దారి లేదు. అందువల్ల బండి మీద మిగిలిన గుర్తులు, పాత కాగితాలే మీకు సాక్ష్యం.

బండి మీది గుర్తుల్లో ఏది ఎంత బరువు తూగుతుందో చెబుతాం. 95 అన్న అంకె మంచి సూచన, అయితే ఎగుమతి బండ్లు స్విట్జర్లాండ్, బెల్జియం, స్వీడన్‌లకూ వెళ్లాయి, అక్కడ అవి మస్టాంగ్‌లే. కిలోమీటర్ల స్పీడోమీటరు కూడా అంతే. బానెట్ కింద పట్టీని చూడండి. అమెరికాలో అమ్మిన బండికి షాక్ అబ్జార్బర్ టవర్ల నుంచి వెనక గోడకు రెండు విడి కడ్డీలు ఉంటాయి. ఎగుమతి బండికి ఆ రెండింటి బదులు రెండు టవర్లనూ గోడనూ కలిపే ఒకే ప్రెస్ చేసిన రేకు పట్టీ ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ బ్రేస్ అన్న పేరు దానికి అలాగే వచ్చింది. మస్టాంగ్‌లో రేసు తరహా రకమైన షెల్బీ జీటీ350లోనూ అదే వేశారు. ఇది టవర్లు లోపలికి వంగకుండా ఆపుతుంది కాబట్టి అమెరికాలో వేలమంది కొని బిగించుకున్నారు. ఉందంటే మంచిదే, రుజువు మాత్రం కాదు. ఫెండరు లోపలివైపు చెయ్యి పెట్టి బ్యాడ్జీ వెనక తడమండి. మస్టాంగ్ పేరు బిగించే రంధ్రాలు పూడ్చిన గుర్తులుంటే ఆ ఫెండరు ఒకప్పుడు మస్టాంగ్ పేరు మోసింది. కాకపోతే ఫెండర్లు బోల్టులతో బిగించేవి, ఏదో ప్రమాదంలో మారి ఉండవచ్చు. కాబట్టి దీన్ని ఒంటరిగా చూడకండి. అంకె, పట్టీ, స్పీడోమీటరు, పూడ్చని ఫెండర్లు, 1966 నాటి జర్మన్ కాగితం అన్నీ ఒకే కథ చెబితే అది టీ-5. కాగితం ఒక్కటి లేకపోయినా "కావచ్చు" అనే మాటకు మించి వెళ్లలేం.

"నంబర్లన్నీ కలుస్తాయి" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. 1965, 66 మస్టాంగ్‌లలో కే రకం ఇంజను మీద మాత్రమే బండి నంబరు ముద్ర ఉంటుంది. మామూలు సీ ఇంజను మీద ఉండదు. అన్ని ఇంజన్ల మీదా, గేర్‌బాక్సుల మీదా బండి నంబరు కొట్టడం 1968 మోడల్‌తో మొదలైంది. కాబట్టి మీరు చూస్తున్న బండి ఇంజను దానితో పుట్టిందే అని ఎవరూ రుజువు చేయలేరు. తేదీ సరిపోతుందని మాత్రం చెప్పగలం. ఒకవేళ ఈ సీ బండి ఇంజను మీద ఎవరైనా బండి నంబరు కొట్టి చూపిస్తే సంతోషించకండి, అది ఇటీవల కొట్టిన ముద్ర.

మీ ఫొటోలో ఇంజను బ్లాకు మీద సీ6ఏఈ-6015-సీ అని ఉంది. ప్రయాణికుడి వైపు, స్టార్టరు మోటారు దగ్గర కనిపించే పోత అంకె అది. 1966 నాటి 289కి సరైనదే. దాని దగ్గరే 6బీ12 అని ఉంది: 1966 ఫిబ్రవరి 12న పోత పోశారు. బండి తేదీ మార్చి 16. పోత పోసి, యంత్రాల మీద కోసి, కూర్చి, బండిలోకి చేరడానికి కొన్ని రోజుల నుంచి రెండు నెలల దాకా పడుతుంది. నాలుగున్నర వారాల ఎడం చక్కగా సరిపోతుంది. ఇదే 6డీ20 అని ఉంటే ఏప్రిల్ 20న పోసిన బ్లాకు మార్చిలో తయారైన బండిలోకి ఎలా వచ్చిందని అడగాల్సి వచ్చేది. 1968 నుంచి వచ్చిన 302 ఇంజను బయటికి అచ్చం 289 లాగే ఉంటుంది, పాత బండ్లలో అది చాలా చోట్ల దూరింది. అందుకే స్టిక్కరు చూడకుండా పోత అంకెలు చూడాలి. 1966 ఇంజను రంగు ఫోర్డ్ నీలం. 1965లోలా నల్ల బ్లాకు, బంగారు రంగు మూతలు ఉంటే ఎవరో తప్పు సంవత్సరం చూసి రంగు వేశారు.

గేర్ల విషయంలో ఒక చిన్న పరీక్ష ఉంది. 1966 సీ4కి గేరు లివరు దగ్గర డీ, 2, 1 ఉండవు. ఎన్ తర్వాత ఒక చిన్న చుక్క, ఒక పెద్ద చుక్క, ఆపైన ఎల్ ఉంటాయి. చిన్న చుక్కలో బండి రెండో గేరులో కదులుతుంది, పెద్ద చుక్కలో మొదటి గేరు నుంచి. డీ, 2, 1 అని కనిపిస్తే 1967 తర్వాతి సామాను వేశారన్నమాట. యాక్సిల్ నిష్పత్తి కొలవాలంటే వెనక రెండు చక్రాలూ ఎత్తి స్టాండ్ల మీద నిలిపి, ముందు చక్రాలకు అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకుని రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దగీత గీసి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. మూడు చుట్లకు కాస్త తక్కువైతే 2.80. వీ8 బండికి చక్రానికి ఐదు బోల్టులుండాలి. నాలుగే ఉంటే అది ఆరు సిలిండర్ల బండి యాక్సిల్.

జీటీ గుర్తుల సంగతి తేలిక. జీటీ సామాను ఏ లేదా కే ఇంజనుతో మాత్రమే ఇచ్చారు. మీది సీ. కాబట్టి అది జీటీ కాదు, ఎవరెన్ని కథలు చెప్పినా. బ్యాడ్జీలు, గ్రిల్లులోని ఫాగ్ లైట్లు, కింది గీతలు ఎవరైనా తగిలించవచ్చు. అసలు జీటీకి వెనక ఛాసిస్ పట్టీల మీద సైలెన్సర్ గొట్టాలు వేలాడదీయడానికి ఫ్యాక్టరీలో వెల్డు చేసిన బలపు ముక్కలుంటాయి. ఆ సామానులో మీకు నిజంగా పనికొచ్చేది ఒక్కటే: ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేసి ఉంటే అది మంచి మార్పు. 1966 మస్టాంగ్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే మామూలు, పైగా బ్రేకు ఆయిలు ఒకే సర్క్యూట్. ఎక్కడ ఒక గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ పోతాయి. రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండరు 1967లో వచ్చింది. మీరు కొన్నాక ఆ మార్పు చేయించుకోండి, పరీక్షకుడితో ముందే మాట్లాడి.

రంగు నిజం తెలియాలంటే ఎవరూ రంగు వేయడానికి శ్రమపడని చోట్లు చూడాలి: డిక్కీ మూత లోపలి మడతలు, తలుపు కింది పట్టీ విప్పిన చోటు, వెనక సీటు పక్క ప్యానెల్ వెనక. తెలుపు కనిపిస్తే ప్లేటు మాట నిలబడినట్టు. అక్కడ నీలమో ఆకుపచ్చో కనిపిస్తే ప్లేటూ తలుపూ వేరే బండివి. బానెట్ కింద ఏప్రన్లు, వెనక గోడ బండి ఏ రంగుదైనా ఫ్యాక్టరీలో నలుపే వేశారు. అవి కూడా ఎర్రగా మెరుస్తుంటే రంగు వేసినవారికి అసలు తీరు తెలియదు, మిగతా పని కూడా అదే తీరున చేసి ఉండవచ్చు.

ఇప్పుడు డబ్బంతా మింగేది ఎక్కడో చెప్పాలి. బ్యాడ్జీలు, సీట్లు, దీపాలు ఇవన్నీ కొత్తవి దొరుకుతాయి, ఈ బండికి దొరకని సామాను దాదాపు లేదు. మస్టాంగ్‌ను కుంగదీసేది తుప్పు. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరున్న జాలీ కింద గాలి లోపలికి రావడానికి ఒక రేకు పెట్టె ఉంటుంది. పైనా కిందా రెండు రేకులను కలిపి ఫ్యాక్టరీలోనే వెల్డు చేసేశారు, లోపల ఆకులు పడి కుళ్లినా చేయి పెట్టే దారి లేదు. లోపల గాలి రంధ్రాల చుట్టూ ఉన్న గోడలు తుప్పు పట్టి తూట్లు పడితే వాన నీళ్లు నేరుగా కాళ్ల దగ్గరికి జారి, కార్పెట్ కింద చేరి, నేల రేకును తింటాయి. పరీక్ష ఇలా చేయండి. కార్పెట్ రెండు వైపులా ఎత్తండి. జాలీలో ఒక్కో వైపు అర బకెట్ నీళ్లు నెమ్మదిగా పోయండి. నీళ్లు ఫెండర్ల వెనక కిందినుంచి బయటికి రావాలి. లోపల డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెడితే పొడిగా ఉండాలి. ఒక్క చుక్క తగిలినా ఆ పని చేయడానికి ముందు అద్దం, ఫెండర్లు, డ్యాష్ విప్పి, వెల్డు చుక్కలన్నీ డ్రిల్లు చేసి పై రేకు లేపాలి. రేకు ఖరీదు కొద్దిగా, కూలి కొండంత. జర్మనీలో గంట కూలి ఎంతో మీకు తెలుసు. అమ్మేవారు నీళ్లు పోయనివ్వకపోతే అక్కడ లీకు ఉందనుకునే లెక్క వేయండి.

తర్వాత బ్యాటరీ కింద చూడండి. కుడివైపు ముందు మూలన ఉంటుంది, యాసిడ్ కారి ఏప్రన్‌నూ దాని కింది ఛాసిస్ పట్టీనీ తినేస్తుంది. షాక్ టవర్లలో పై కంట్రోల్ ఆర్ము బిగించే చోట చీలికలుంటాయి. డిక్కీలో చాప తీసి చూస్తే పెట్రోలు ట్యాంకు పై భాగమే డిక్కీ నేల అని తెలుస్తుంది. దాని రెండు పక్కల పల్లంగా ఉండే రేకులు, వెనక చక్రాల వెనకున్న క్వార్టర్ ప్యానెళ్ల కింది అంచు మొదట పోతాయి. కింద పడుకుని వెనక యాక్సిల్ పైన ఛాసిస్ పట్టీలను స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. గంటలా మోగితే రేకు ఉంది, మొద్దుగా పలికితే లోపల ఖాళీ. నల్లటి తారు పూత కొత్తగా, దట్టంగా కనిపిస్తే దాని కింద రేకు మీద రేకు అతికించారా అని గోటితో గీకి చూడండి.

పెయింటు మందం కొలిచే మీటరు వెంట తీసుకెళ్లండి. ముందు పైకప్పు మీద కొలవండి, అదే మీ కొలమానం. 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటే పాత పూత, 200 నుంచి 300 అయితే మళ్లీ రంగు వేశారు. ఈ బండికి అది ఎలాగూ ఖాయం. 500 దాటితే లప్పం అనుమానం. 1000 దాటితే అక్కడ లప్పమే ఉంది. వెనక చక్రాల చుట్టూ, తలుపుల అడుగున, ఫెండర్ల వెనక అంచున పది చోట్ల కొలిచి కాగితం మీద రాసుకోండి. బేరంలో ఆ కాగితం పనికొస్తుంది.

తిరిగిన దూరం గురించి ఎక్కువ ఆలోచించకండి. ఆ మీటరులో ఐదు అంకెలే. లక్ష దాటితే సున్నాకు తిరుగుతుంది. కాగితాలు లేకుండా మీటరు 63,000 చూపినా అసలు దూరం ఏమైనా కావచ్చు. దాని బదులు ఇంజను కంప్రెషన్ కొలిపించండి. ఎనిమిది సిలిండర్లలో అన్నిటికంటే తక్కువది అన్నిటికంటే ఎక్కువదానిలో మూడు వంతులకు తగ్గకూడదు.

ధర లెక్క ఇలా కట్టండి. మొదట బ్యాడ్జీలన్నీ మరచిపోయి "1966, సీ ఇంజను, ఆటోమేటిక్, హార్డ్‌టాప్" అన్న బండ్లు ఈ మధ్య జర్మనీలో, చుట్టుపక్కల దేశాల్లో నిజంగా ఎంతకు అమ్ముడుపోయాయో వెతకండి. ప్రకటనల్లో అడిగే ధర కాదు, వేలంలో చేతులు మారిన ధర కావాలి. ఫాస్ట్‌బ్యాక్, కన్వర్టిబుల్ ధరలతో పోల్చి చూపిస్తే ఒప్పుకోకండి. మూడు బాడీల్లో హార్డ్‌టాప్ చవకైనది, ఎక్కువ తయారైంది కూడా అదే. జర్మనీలో పాత బండి స్థితిని 1 నుంచి 5 వరకు అంకెలతో చెబుతారు. 1 లోపం లేనిది, 3 వాడుకలో ఉన్న చక్కని బండి, 5 పూర్తిగా బాగు చేయాల్సింది. నీళ్ల పరీక్షలో, అడుగు పరీక్షలో ఎక్కడ ఏం తేలిందో దాన్ని బట్టి ఏ అంకె ధరతో పోల్చాలో తెలుస్తుంది. అమ్మేవారు ఏదైనా విలువ సర్టిఫికెట్ చూపిస్తే అందులో రాసింది మార్కెట్ విలువా, తిరిగి కొనుక్కునే విలువా, బండిని ఆ స్థితికి తేవడానికి అయ్యే ఖర్చా చూడండి. బీమా కోసం రాయించే చివరి రెండూ ఎప్పుడూ ఎక్కువే ఉంటాయి. బేరానికి మార్కెట్ విలువే ఆధారం. సర్టిఫికెట్ తేదీ, ఆ నిపుణుడు బండిని ఎత్తి చూశాడా లేదా అన్నది కూడా చదవండి.

ఆ ధర నుంచి రేకు పనికి వర్క్‌షాపు రాసి ఇచ్చిన అంచనా మొత్తం తీసేయండి. తెల్ల బండి ఎర్రబడినందుకు కొంత తగ్గించండి. గుర్రాల సీట్లు బాగుంటే తగ్గించనక్కర్లేదు, చాలామంది వాటినే కోరుకుంటారు. కానీ అసలుతనం పేరుతో ఎక్కువ ఇవ్వకండి. జీటీ పేరుతో ఏమీ ఇవ్వకండి. 1966 నాటి జర్మన్ కాగితంలో టీ-5 అని ఉంటే అప్పుడు అదనం కలపండి. మా అభిప్రాయంలో ఆ అదనం బాగున్న రేకుకూ కుళ్లిన రేకుకూ మధ్య తేడా కంటే చిన్నది. మీకు చెప్పిన 36,500లో ఇప్పటికే జీటీ, గుర్రాల సీట్లు, పుట్టింటి ఇంజను, టీ-5 నాలుగూ కలిపి ఉన్నాయి. వాటిలో రెండు నిజం కావు, ఒకటి రుజువు కాదు, ఒకటి కాగితం మీద ఆధారపడింది. ఈ ఫొటోలను బట్టి ఆ ధర పెట్టమని మేం చెప్పలేం. పాత పుస్తకం కలిసి, నీళ్ల పరీక్షలో పొడిగా ఉండి, అడుగు గట్టిగా ఉంటే మాత్రం అది మంచి బండి, సాధారణ సీ హార్డ్‌టాప్ ధరకు కొంత కలిపి కొనవచ్చు.

30 ఏళ్లు దాటిన బండికి జర్మనీలో హెచ్ నంబరు ప్లేటు (పాతకాలపు బండ్లకిచ్చేది) వస్తుంది. ఏడాదికి పన్ను సుమారు 191 యూరోలే. నిపుణుడు చూసి, బండి బాగా ఉందని, మార్పులు ఆ కాలానికి తగినవని ఒప్పుకోవాలి. ఇప్పటికే ఆ ప్లేటు ఉంటే నివేదిక నకలు అడగండి, అయితే అది విలువకు రుజువు కాదు.

గుంటూరుకు తేవడం వేరే లెక్క. మన దేశంలో 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వీఏ అనే ప్రత్యేక రిజిస్ట్రేషన్ వచ్చింది. దానితో రోజూ తిరగడానికి, అద్దెకు తిప్పడానికి వీల్లేదు. దిగుమతి షరతులు, సుంకం ఇవే అసలు భారం. అవి మారుతుంటాయి కాబట్టి పంపే ముందు కస్టమ్స్ ఏజెంటు చేత రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇప్పుడు ఇచ్చే ధరలో ఆ ఆశను కలపకండి.

కొనడానికి సిద్ధపడితే ఒప్పంద పత్రంలో బండి నంబరు పక్కన ఈ మాటలు రాయించండి: "1966లో జర్మనీలో కొత్తగా టీ-5గా అమ్మిన బండి", "ఏప్రన్ నంబరు అసలుది, మార్చలేదు", "తెలిసిన ప్రమాదాలు ఇవి". జర్మనీలో ప్రైవేటు అమ్మకంలో "లోపాలకు అమ్మేవారి బాధ్యత లేదు" అన్న వాక్యం ఉంటే తర్వాత బయటపడే లోపాలకు, కావాలని దాచినవి తప్ప, అమ్మినవారు బాధ్యులు కారు. కానీ పత్రంలో ప్రత్యేకంగా ఒప్పుకున్న గుణం బండిలో లేదని తేలితే ఆ వాక్యం వారిని కాపాడదు. నోటితో ధైర్యంగా చెప్పే టీ-5 మాటను ఆయన కాగితం మీద రాయడానికి వెనకాడితే, ఆ అదనం తీసేసిన ధర మాత్రమే చెప్పండి.